చేమంతి తోటలో దీపములు

కర్నూలు జిల్లా తుగ్గలి మండలమున జొన్నగిరి అను గ్రామము కలదు. తొలకరి వానలు కురియగానే ఆ గ్రామము చుట్టునున్న పొలములలో జనులు గుంపులుగా తిరుగుచు, వంగి వంగి నేలను పరికించుచుందురు. వాన నీటికి మన్ను కొట్టుకొనిపోగా బయటపడిన రాళ్ళలో ఎక్కడనైన ఒక వజ్రము మెరయునేమో అని వారి ఆశ. దొరకినవాని అదృష్టము పండును. వచ్చినవారిలో పెక్కుమంది మాత్రము వట్టి చేతులతో ఇండ్లకు మరలుదురు.

జొన్నగిరి నుండి గుత్తికి పోయి, అచ్చట 44వ జాతీయ రహదారిని పట్టి దక్షిణముగా బయలుదేరినచో, అనంతపురము, పెనుకొండ దాటి, బాగేపల్లి మీదుగా కర్ణాటక రాష్ట్రములోని చిక్కబళ్ళాపురము చేరుదుము. ఆ ప్రాంతమున తెలుగు మాటలాడు కుటుంబములు పెక్కు కలవు. చిక్కబళ్ళాపురము, కోలారు జిల్లాలలో రాత్రివేళ పయనించువారికి ఒక్కొక్కచోట ఒక వింత దృశ్యము కనబడును. అచ్చట ఊరు లేదు, పెండ్లి లేదు, జాతర లేదు. ఐనను నడి పొలమున వందలకొలది దీపములు వరుసలు తీరి వెలుగుచుండును. ఆ దీపముల క్రింద మనుష్యులు ఎవరును ఉండరు. జానెడెత్తు చేమంతి మొక్కలు మాత్రము నిలిచియుండును.

“మొక్కలకు రాత్రి దీపము ఎందుకు? అవి చదువుకొనునా, దారి చూచి నడచునా?” అని మీరు నవ్వవచ్చును. కాని ఆ దీపములను కట్టిన రైతు విలాసమునకై కట్టలేదు. అప్పు తెచ్చి కట్టియుండును. ఆ దీపము ఏ గడియకు వెలుగవలెను, ఏ దినమున ఆరవలెను అను దానిపై అతని ఇంటి సంవత్సరపు తిండి ఆధారపడియున్నది. ఆ సంగతి ఏమో తెలిసికొందము.

మొక్కకు వెలుతురు రెండు విధముల ఉపయోగపడును. మొదటిది ఆహారము. ఆకులోని పత్రహరితము సూర్యకాంతిని గ్రహించి, నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలిపి చక్కెరగా మార్చును. ఇది మీరు మీ విజ్ఞానశాస్త్ర పాఠములలో చదివినదే. ఈ పనికి వెలుతురు సమృద్ధిగా కావలెను. మిట్టమధ్యాహ్నపు ఎండలో వెలుతురు సుమారు లక్ష లక్సులుండును. లక్సు అనగా ఒక తావున పడు వెలుతురును కొలుచు ప్రమాణము. మన ఇంటిలో రాత్రి దీపము క్రింద చదువుకొనునప్పుడు పుస్తకముపై పడునది కొన్ని వందల లక్సులు మాత్రమే. కావున రాత్రి కట్టిన చిన్న దీపముల వలన చేమంతి మొక్కకు కలుగు ఆహారము లెక్కలోనికి రాదు.

రెండవ ఉపయోగము సంకేతము. మొక్కకు కన్నులు లేవు, పంచాంగము లేదు. ఐనను ఏ ఋతువు నడచుచున్నదో అది తెలిసికొనవలెను. అకాలమున పూచినచో విత్తనము పండదు, వంశము నిలువదు. ఎండ, చలి, వాన ఒక ఏడున్నట్లు మరియొక ఏడుండవు. పగటి రాత్రుల నిడివి మాత్రము ఏటేట ఒక్క తీరుననే మారుచుండును. అందుచేత అనేక జాతుల మొక్కలు ఆ నిడివిని బట్టియే ఋతువును గుర్తించుచున్నవి. ఈ సంకేతమునకు వంద లక్సుల వెలుతురు చాలును. ఎండలో అది వేయవ వంతు.

ఈ రహస్యము మనుష్యులకు తెలిసి ఎంతో కాలము కాలేదు. అమెరికా దేశమున గార్నర్, అల్లార్డ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక జాతి పొగాకును పెంచుచుండిరి. అది వేసవిలో ఆకులు వేయుచు మనిషిని మించి ఎదుగునే కాని పూయదు. శీతకాలమున అద్దాల గదిలో పెంచినచో చిన్న మొక్కగా నుండగనే పూచును. కారణము వేడియా, ఎరువా, నీరా అని వారు విచారించిరి. ఒకటొకటిగా అన్నిటిని పరీక్షించిన పిదప, 1918వ సంవత్సరపు వేసవిలో, పగలు ముగియకముందే మొక్కలను చీకటి గదిలోనికి చేర్చి, వాటి పగటిని చిన్నది చేసిరి. అంతట అవి పూచినవి. వారు తమ పరిశోధనను 1920లో ప్రకటించిరి.

పగటి నిడివి తగ్గినప్పుడు పూచు మొక్కలను “హ్రస్వదిన” మొక్కలనియు, పెరిగినప్పుడు పూచువానిని “దీర్ఘదిన” మొక్కలనియు పిలిచిరి. చేమంతి మొదటి జాతిలోనిది. జిప్సోఫిలా, కార్నేషన్ అను అలంకారపు పూల మొక్కలు రెండవ జాతిలోనివి. గులాబికి ఈ పట్టింపు లేదు.

ఐతే “హ్రస్వదిన” మను పేరులో ఒక పొరపాటు దాగియున్నది. 1938లో హామ్నర్, బానర్ అను శాస్త్రజ్ఞులు మన పొలముల గట్లపై కూడ పెరుగు మరులమాతంగి మొక్కతో ప్రయోగములు చేసిరి. అదియు హ్రస్వదిన మొక్కయే. పగటి నడుమ కొంతసేపు చీకటి చేసిరి. మొక్కకు పట్టలేదు. దీర్ఘమైన రాత్రి నడుమ కొన్ని నిమిషములు దీపము చూపిరి. మొక్క పూయుట మానినది. దీనిని బట్టి ఒక విషయము స్పష్టమైనది. ఇట్టి మొక్క కొలుచునది పగటిని కాదు, రాత్రిని. అదియు తెగని రాత్రిని. పదమూడు గంటల రాత్రిని నడుమ దీపముతో తెగగొట్టినచో, మొక్కకు అది రెండు చిన్న రాత్రులుగా తోచును.

రాత్రిని కొలుచు గడియారము మొక్కలో ఎచ్చటనున్నది? రష్యాలో చైలఖ్యాన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని చేమంతి మీదనే పరీక్షించెను. మొక్క కొనను వేరుగను, ఆకులను వేరుగను చీకటిలో నుంచి చూచెను. ఆకులకు దీర్ఘమైన రాత్రి లభించినప్పుడు, కొనకు లభింపకున్నను, మొగ్గ తొడిగెను. కావున రాత్రిని తెలిసికొనునది ఆకు. మొగ్గ తొడుగునది కొన. ఆకు నుండి కొనకు ఒక వార్తాహరుని వంటి పదార్థము పోవుచున్నదని ఆయన 1930వ దశాబ్దమున ఊహించి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టెను.

ఆకులో కాంతిని గుర్తుపట్టు పదార్థము పేరు ఫైటోక్రోము. బోర్త్‌విక్, హెండ్రిక్స్ అను శాస్త్రజ్ఞులును, వారి సహచరులును 1952 నుండి 1959 వరకు చేసిన పరిశోధనల వలన దీని స్వభావము బయటపడినది. దీనికి రెండు రూపములు కలవు. ఎర్రని కాంతి సోకినప్పుడు ఇది ఒక రూపమును దాల్చును. చీకటిలో మెల్లమెల్లగా ఆ రూపము తరిగిపోవును. ఎర్రని కాంతి సోకిన రూపము ఉన్నంత కాలము చేమంతి “ఇంకను చిన్న రాత్రుల కాలమే, పెరుగుదము” అని భావించినట్లు ప్రవర్తించును. నడిరేయి దీపము ఆ రూపమును మరల నింపుచుండును. ఇదియే చేమంతి తోటలోని దీపముల మర్మము.

ఇప్పుడు మన ప్రాంతపు సంగతి చూతము. లండను నగరమున జూన్ మాసమున పగలు పదహారు గంటలు దాటును. జొన్నగిరి భూమధ్యరేఖకు ఉత్తరముగా పదునైదు డిగ్రీల చిల్లరలో నున్నది. ఇచ్చట అన్నిటికంటె పెద్ద పగలు సుమారు 13 గంటలు, అన్నిటికంటె చిన్న పగలు సుమారు పదకొండుంబావు గంటలు. చేమంతి రకములలో పెక్కింటికి పదిన్నర గంటలకు మించిన చీకటి వరుసగా లభించినచో మొగ్గకు సమయమైనట్లు తోచును. సంధ్యల వెలుగును కూడ పగటిలో కలిపి లెక్కించినను, మన దేశపు దక్షిణ భాగమున సంవత్సరములో ఎక్కువ నెలలు రాత్రి అంతకు మించియే యుండును. అందుచేత మన రైతు వాడుకగా జూన్, జూలై మాసములలో నారు నాటును. మొక్క వర్షాకాలమున పెరిగి, కార్తికము మొదలుకొని పూచును.

ఒకే కాలమున అందరి తోటలును పూచినచో ఏమగును? సంతలో పూలు రాశులు పడును, ధర పడిపోవును. కోత కూలియు గిట్టక పూలను తోటలోనే విడిచిన సందర్భములు కలవు. శ్రావణ మాసపు నోములకును, ఉగాదికిని పూలు కావలసినప్పుడు మాత్రము తోటలో పూలుండవు. “సరే, వేరొక కాలమున నాటుదము” అని రైతు పుష్య మాఘములలో నాటినచో, రాత్రులు దీర్ఘముగా నుండుట చేత మొక్క జానెడైనను ఎదుగకమునుపే మొగ్గ తొడుగును. కొమ్మలు లేవు, బలము లేదు. నాలుగు పూలు పూచి మొక్క ఆగిపోవును. పసివానికి సంసారభారము మోపినట్లగును.

ఈ చిక్కునకు మందుగా దీపము వచ్చినది. నారు నాటిన పిదప సుమారు నాలుగైదు వారముల పాటు, రాత్రి పది గంటల నుండి రెండు గంటల వరకు, తోటలో దీపములు వెలిగింతురు. మొక్క పూత మాట మరచి, కొమ్మలు వేసి గుబురుగా ఎదుగును. తగినంత ఎదిగిన తరువాత దీపములను ఆర్పివేయుదురు. అది మొదలు మొక్కకు నిజమైన రాత్రి తెలియును, మొగ్గ తొడుగును. రకమును బట్టి రెండు మూడు నెలలలో పూలు విచ్చును. దీపము ఆర్పిన దినము నుండి లెక్కించి, పండుగకు పూలు అందునట్లు రైతు ముందుగనే నిర్ణయించుకొనవచ్చును. జపాను దేశములో అయిచి రాష్ట్రమందలి తహరా ప్రాంతమున అద్దాల గదులలో ఈ విధముగనే దీపములు పెట్టి చేమంతులను చలికాలమునకు, వసంతమునకు పూయించుచున్నారు. ఆ పూలకు “విద్యుద్దీపపు చేమంతులు” అనియే పేరు.

పూర్వము ఈ పనికి తీగ బల్బులు వాడెడివారు. ఆ బల్బులో సన్నని లోహపు తీగ కాలి ఎర్రనై వెలుగునిచ్చును. దానికిచ్చు విద్యుత్తులో నూటికి తొంబది పాళ్ళకు పైగా వేడిగా వృథాయగును. ఇప్పటి ఎల్‌ఇడి దీపములో కాలు తీగ లేదు. అందు ఆవగింజంత స్ఫటికపు ముక్క యుండును. అది రెండు పొరలుగా చేయబడినది. ఒక పొరలో ఎలక్ట్రానులు అధికముగా నుండును. రెండవ పొరలో ఎలక్ట్రానులు చేరవలసిన ఖాళీలుండును. విద్యుత్తు ప్రవహించినప్పుడు ఎలక్ట్రానులు సరిహద్దు దాటి ఆ ఖాళీలలో చేరును. చేరునప్పుడు తమలోని శక్తిని కాంతిగా విడుచును. స్ఫటికము ఏ పదార్థముతో చేయబడినదో దానిని బట్టి కాంతి రంగు ఏర్పడును. జొన్నగిరి వజ్రము పైబడిన వెలుతురును మరల్చి మెరయును. ఈ స్ఫటికము తానే వెలుగును పుట్టించును.

కంటికి కనబడు ఎర్రని ఎల్‌ఇడిని 1962లో అమెరికాలో హోలోన్యాక్ నిర్మించెను. ప్రకాశవంతమైన నీలపు ఎల్‌ఇడికి మరి మూడు దశాబ్దములు పట్టినది. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను వారికి 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. నీలపు స్ఫటికముపై పసుపుపచ్చని వెలుగునిచ్చు పూత పూసినందుననే మన ఇండ్లలోని తెల్లని ఎల్‌ఇడి దీపము సాధ్యమైనది. మన దేశమున 2015లో ప్రారంభమైన ఉజాలా పథకము వలన ఈ దీపములు చవుకగా ఇంటింటికి చేరినవి. ఇంటికి వచ్చిన దీపము పొలమునకు పోవుటకు ఆలస్యము కాలేదు.

లెక్క వేసి చూడుడు. ఎకరమునకు 43,560 చదరపు అడుగులు. పది అడుగుల కొక దీపము చొప్పున నిలువుగను అడ్డముగను కట్టినచో సుమారు 435 దీపములు పట్టును. ఒక్కొక్కటి 60 వాట్ల తీగ బల్బు అయినచో, రాత్రికి నాలుగు గంటల వంతున సుమారు 104 యూనిట్ల విద్యుత్తు కాలును. దాదాపు అంతే వెలుగునిచ్చు 9 వాట్ల ఎల్‌ఇడి అయినచో 16 యూనిట్ల లోపుననే సరిపోవును. నెలకు మొదటిది 3,000 యూనిట్లు దాటును. రెండవది 500 యూనిట్లకు చేరదు. పూర్వము ధనవంతుల అద్దాల గదులకు మాత్రమే తగియుండిన విద్య సామాన్య రైతు తోటకు వచ్చుటకు ఈ భేదమే కారణము.

గది లోపల మొక్కలు పెంచువారు ఎల్‌ఇడిని మరియొక విధముగ వాడుచున్నారు. అచ్చట ఎండ లేదు గనుక దీపమే ఆహారము నీయవలెను. పత్రహరితము ముఖ్యముగా ఎర్రని కాంతిని, నీలపు కాంతిని గ్రహించును. ఆకుపచ్చని కాంతిలో కొంత భాగమును మరల్చివేయును. ఆకు మనకు పచ్చగా కనబడుట అందుచేతనే. కావున ఎర్రని, నీలపు ఎల్‌ఇడిలను కలిపి మొక్కలకు దగ్గరగా అమర్చుదురు. వేడి తక్కువ గనుక ఆకులు మాడవు. కణజాల వర్ధనశాలలలో సీసాలలో పెరుగు ఆర్కిడ్లు మొదలగు అలంకారపు మొక్కలకు ఇట్టి దీపములు వాడుదురు. ఐతే ఆహారమునకు వెలిగించు దీపము పగలంతయు, బలముగ వెలుగవలెను. చేమంతికి వెలిగించు దీపము సంకేతము మాత్రమే. ఈ భేదము తెలియక, “దీపము పెట్టినచో మొక్క బాగుగ పెరుగునట” అని అన్ని మొక్కలకును రాత్రి దీపము పెట్టువాడు డబ్బు పోగొట్టుకొనును.

పొరపాటు చేసిన చేమంతి రైతుకును నష్టము తప్పదు. ఒక వరుసలో దీపములు చెడి, కొన్ని రాత్రులు వరుసగా వెలుగకపోయినచో, ఆ వరుసలోని మొక్కలు ముందుగనే మొగ్గ తొడుగును. తోట ఎగుడుదిగుడుగా పూచును. “ఇంకను పెరుగనీ” అను ఆశతో దీపములను ఆర్పుటకు ఆలస్యము చేసినచో పూలు పండుగ దాటిన తరువాత వచ్చును. పండుగ మరునాటి పువ్వునకు విలువ ఏమి? వీథి దీపపు వెలుగు పడుచోట నాటిన చేమంతి, దీపమును ఎవరు పెట్టిరో ఎరుగకయే, పూయక నిలిచియుండును. వెలిగించుట ఎంత ముఖ్యమో ఆర్పుట అంత ముఖ్యము.

“ఐనచో జొన్నగిరి ప్రాంతమునను దీపములు కట్టి చేమంతులు పండింపవచ్చునా?” అని మీరు అడుగవచ్చును. ఆలోచించి చెప్పవలసిన మాట ఇది. చిక్కబళ్ళాపురము సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న చల్లని ప్రదేశము. మన పడమటి కర్నూలు వేసవి తీవ్రమైనది. మిక్కిలి వేడిలో చేమంతి మొగ్గలు సరిగా విచ్చవు. దీపము రాత్రి సమస్యను తీర్చును గాని వేడి సమస్యను తీర్చదు. నీటి సమస్యను అసలే తీర్చదు. చేమంతికి వేళ్ళ వద్ద నీరు నిలువరాదు, నేల ఎండిపోనురాదు. బోరులో నీరున్నవాడు, బిందుసేద్యము చేయగలవాడు, వేసవికి ముందుగా పూత ముగియునట్లు నెలలను లెక్కించుకొనగలవాడు, మొదట కొద్ది సెంట్ల నేలలో పరీక్షించి చూచి, పిమ్మట ముందడుగు వేయుట మంచిది. పొరుగువాడు చేసినాడని ఎకరముల కొలది దీపములు కట్టుట వివేకము కాదు.

ఆ పరీక్షను మీ పాఠశాలలోనే ప్రారంభింపవచ్చును. వర్షాకాలము చివర ఒకే రకపు, ఒకే వయస్సు గల చేమంతి మొక్కలను రెండు కుండీలలో నాటుడు. రెండింటికిని పగలు ఒకే ఎండ, ఒకే నీరు ఉండవలెను. రాత్రి ఒక దానిని పూర్తిగా చీకటిగ నుండు చోట ఉంచుడు. రెండవ దానిని రాత్రియంతయు దీపము వెలుగు వరండాలో ఉంచుడు. ఏ మొక్క ఏ దినమున మొగ్గ తొడిగినదో, ఎంత ఎత్తు ఎదిగినదో వారమున కొకసారి వ్రాసికొనుడు. విద్యుత్తు తీగలను మాత్రము పెద్దల సాయము లేక ముట్టకుడు. తడి నేలపై తీగ ప్రాణాపాయము.

వాన రాని ఏట ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నుండి కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, పిల్లలను వెంటబెట్టుకొని, సుగ్గికి పోవుట మీరు చూచియే యుందురు. మీ తరగతిలోని ఖాళీ చోటు కొన్ని మాసములు ఎందుకు ఖాళీగానుండునో మీకు తెలియును. అట్టివారు తొలకరిలో వజ్రమునకై వెదకినచో వారిని తప్పు పట్టరాదు. కాని వజ్రము వెదకినవారిలో ఏ ఒక్కనికో చిక్కును. అది దొరకిన తావు తెలిసినను, మరునాడు మరియొకనికి అచ్చట మరొకటి దొరకునను నమ్మకము లేదు. చేమంతి రాత్రిని కొలుచునను సంగతి అట్లు కాదు. ఒకరు కనుగొన్నది అందరికిని పనికివచ్చును. ఒక పొలమున నిజమైనది మరియొక పొలమునను నిజమగును. ఒకరికి చెప్పినంత మాత్రమున చెప్పినవానికి తరుగదు. చిక్కబళ్ళాపురము దారిలో నడిరేయి వెలుగు ఆ దీపములను మీరు ఎప్పుడైన చూచినచో, వాటి వెనుక నిలిచియున్నది అదృష్టము కాదనియు, ఒక చిన్న మొక్క స్వభావమును ఓపికతో తెలిసికొన్న మనుష్యుల తెలివియనియు జ్ఞాపకముంచుకొనుడు.